నకలు వెల

ఏ కచేరీకి వెళ్లినా మనకు తరచు వినిపించే మాటలు రెండు: అసలు, నకలు. అసలు ఒక్కటే ఉంటుంది. నకళ్లు ఎన్ని కావాలన్నది అవసరాన్నిబట్టి ఉంటుంది. భూమి దస్తావేజు కానివ్వండి, న్యాయస్థానపు తీర్పు కానివ్వండి, పాఠశాలలో ప్రశ్నపత్రం కానివ్వండి, దానిని మొదట వ్రాసేవాని పని ఒకటి. పదిమంది చేతికి అందజేసేవాని పని మరొకటి. మొదటి పనికి మేధ కావాలి. రెండవ పనికి ఓపిక, సిరా, కాగితం, వీటన్నిటికీ డబ్బు కావాలి. మొదటి పనిని గురించి గ్రంథాలు ఎన్నో వచ్చినవి. రెండవదానిని గురించి, అనగా ఒక్కొక్క ప్రతికి ఎంత ఖర్చయింది, ఆ ఖర్చు ఎవరు భరించారు అనే విషయాన్ని గురించి మనం ఆలోచించేది తక్కువ.

ఈనాడు నెలకు వేలకొలది పుటలు అచ్చువేసుకోవలసిన ఒక కార్యాలయం ఏ ప్రింటరు కొంటే పొదుపు అని తర్జనభర్జన పడుతున్నదనుకోండి. ఆ కార్యాలయం ముందున్న ప్రశ్న కొత్తది కాదు. యంత్రం వెల చూడాలా, పుట వెల చూడాలా? ఈ ప్రశ్నకు కాలానికొక జవాబు వచ్చింది. ఆ జవాబుల చరిత్ర తెలిస్తే బజారులో కనిపించే ధర చీటీని మనం మరొక దృష్టితో చూడగలుగుతాం.

తాళపత్రాల కాలంలో ఈ లెక్క చాల తేలిక. యంత్రం లేదు; ఉన్నది గంటం ఒక్కటే. ఆకును ఎండబెట్టి, పదును చేసి, అంచులు కత్తిరించి, దానిమీద గంటంతో గీచి, ఆ గీతలలో మసి పూసి తుడిస్తే అక్షరం కంటికి ఆనుతుంది. గంటం వెల స్వల్పం. తాటియాకు వెల అంతకన్న స్వల్పం. ఖర్చంతా లేఖకుని కాలమే. పది ప్రతులు కావాలంటే పది పర్యాయాలు వ్రాయవలసిందే. పదవ ప్రతి మొదటి ప్రతికన్న కాసంతైనా చౌక కాదు. అందుచేతనే ఒక గ్రంథాన్ని ఎత్తి వ్రాయించి దానం చేయడం పుణ్యకార్యమని పెద్దలు భావించారు. గ్రంథాంతంలో లేఖకులు తప్పులుంటే మన్నించమనీ, నీటినుంచి, నూనెనుంచి, నిప్పునుంచి పుస్తకాన్ని కాపాడమనీ చదువరులను వేడుకొనేవారు. ఆ వేడికోలులో వినయంతోపాటు తాము పడిన శ్రమను గురించిన ఎరుకకూడా ఉన్నది.

తెలుగుదేశంలో ఈ శ్రమకు ఎంత మూల్యం చెల్లించవలసి వచ్చేదో చెప్పడానికి ఇద్దరి పేర్లు చాలును. 1815లో భారతదేశానికి సర్వేయరు జనరలుగా నియుక్తుడైన కల్నల్ కాలిన్ మెకంజీ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సహాయంతో గ్రామగ్రామాన కైఫీయతులు సేకరించాడు. కరణాల ఇళ్లలో ఉన్న దండకవిలెలనుంచి ఊరి చరిత్రలు కాగితాలమీదికి ఎక్కినవి. 1821లో మెకంజీ మరణించిన తరువాత ఆ కాగితాలు శిథిలం కాసాగినవి. అప్పుడు వాటికి మరల నకళ్లు వ్రాయించినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. 1820లో కడపకు వచ్చిన బ్రౌను అక్కడ ఒక బంగళా కొని, పండితులను చేర్చి, జీతాలిచ్చి, తెలుగు కావ్యాల ప్రతులు తెప్పించి, పాఠభేదాలు సరిచూపించి, శుద్ధప్రతులు తయారు చేయించాడు. ఆ ఖర్చు చాలవరకు ఆయన జేబులోనిదే. అందుకు అప్పులుకూడ చేశాడు. ఈనాడు మనం సునాయాసంగా చదువుకొంటున్న పద్యాలలో ఎన్నో, ఆనాడు ఎవరో ఒకరు నకలు ఖర్చు భరించడంవల్ల బ్రతికి బయటపడినవే.

చేతివ్రాతకు బదులు యంత్రం చేత నకలు తీయించిన తొలి ప్రముఖుడు మరెవరో కాదు, ఆవిరియంత్రాన్ని సంస్కరించిన జేమ్స్ వాట్. ఆయన గనులలో ఇంజనులు నెలకొల్పే పనిమీద దూరప్రాంతాలలో ఉండేవాడు. బర్మింగ్‌హాములోని భాగస్వామి మాథ్యూ బోల్టనుకు కొలతలతో, లెక్కలతో నిండిన ఉత్తరాలు పంపేవాడు. ప్రతి ఉత్తరానికి తన వద్ద ఒక నకలు ఉంచుకోవాలంటే రెండుమార్లు వ్రాయాలి. ఈ చాకిరీ భరించలేక ఆయన ఒక ఉపాయం కనిపెట్టి, 1780లో పేటెంటు పొందాడు. ప్రత్యేకమైన సిరాతో వ్రాసిన ఉత్తరంమీద పలుచని తడికాగితం పరచి మరలో గట్టిగా నొక్కితే, సిరా కొంత ఆ కాగితానికి అంటుకొంటుంది. అక్షరాలు తిరగబడి పడతాయి. కాని కాగితం పలుచన కాబట్టి వెనుకవైపునుంచి చూస్తే సరిగా చదువుకోవచ్చు. ఈ యంత్రాన్ని వాషింగ్టను, జెఫర్సను వంటివారు ఉపయోగించారు. వాట్ కంపెనీ మరతోపాటు అందుకు వలసిన కాగితాన్ని, సిరాపొడినికూడ అమ్మేది. యంత్రం ఒకసారి కొన్న గిరాకీదారు సరకుల కోసం మరల మరల రావడమనే పద్ధతి ఆనాడే మొదలైనదన్నమాట.

ఇదే వాట్ ఇంజనుల వ్యాపారంలో మరొక పద్ధతి పాటించడం గమనించదగినది. గనుల యజమానులనుంచి ఇంజనుకు ఇంత వెల అని కాక, పాత ఇంజనుతో పోల్చినప్పుడు ఆదా అయిన బొగ్గు విలువలో మూడవవంతు రుసుముగా తీసుకొనేవారు. ఇంజను ఎన్నిసార్లు ఆడినదీ తెలియడానికి దానికి ఒక లెక్కింపుపెట్టె అమర్చి తాళం వేసేవారు. వాడకాన్ని లెక్కించి డబ్బు వసూలు చేసే ఆ పెట్టెకు, దాదాపు 180 సంవత్సరాల తరువాత నకలుయంత్రంమీద పునర్జన్మ కలిగింది. ఆ కథకు తరువాత వద్దాం.

వాట్ మర ఒక నకలు మాత్రమే బాగా ఇవ్వగలదు. 1806లో ఇంగ్లండులో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ పేటెంటు పొందిన మసికాగితం, అనగా మన కార్బన్ పేపరు, మరొక మార్గం చూపింది. అయితే ఈకకలంతో వ్రాసేవాని చేతి ఒత్తిడి రెండవ కాగితందాకా పోదు. అందువల్ల కార్బన్ పేపరు ఎన్నో దశాబ్దాలు సరియైన తోడులేక వేచి ఉన్నది. ఆ తోడు టైపురైటరు. క్రిస్టఫర్ షోల్సు, ఆయన మిత్రులు 1868లో పేటెంటు పొందిన ఆ యంత్రాన్ని, తుపాకులు చేసే రెమింగ్టను కంపెనీ 1873లో తయారుచేయ నారంభించింది. ఇనుప అచ్చు వచ్చి కొట్టే దెబ్బకు నాలుగైదు కాగితాలదాకా అక్షరం దిగుతుంది. అడుగు ప్రతి మసకగా ఉంటుంది. అది ఎవరికి పోవాలో వారి హోదానుబట్టి నిర్ణయమయ్యేది. పై ప్రతి అధికారికి, అడుగు ప్రతి దస్త్రానికి. కార్యాలయాలలో ఈ మర్యాద సుమారు వంద సంవత్సరాలు నడిచింది.

నాలుగైదు ప్రతులతో సరిపోని చోట ఏమి చేయాలి? ఒక సంఘం తన సభ్యులు మూడువందల మందికి సమావేశపు ఆహ్వానం పంపాలి. అచ్చాపీసులో అక్షరాలు కూర్పించడం ఆ కొద్దిపనికి మించిన ఖర్చు. చేతితో వ్రాయించడం మించిన కాలం. ఈ మధ్యస్థమైన అవసరాన్ని తీర్చడానికి 19వ శతాబ్ది చివరి పాదంలో పలువురు బుద్ధిమంతులు పోటీపడ్డారు.

వారిలో థామస్ ఆల్వా ఎడిసను ఒకడు. 1876 ఆగస్టు 8వ తేదీన ఆయనకు విద్యుత్కలానికి పేటెంటు లభించింది. కలం కొనపై చిన్న విద్యుత్ మోటారు ఉంటుంది. అది తిరుగుతూ ఉంటే మొన వద్ద సూది వడివడిగా పైకి క్రిందికి ఆడి, వ్రాసిన ప్రతి గీతను సన్నని రంధ్రాల వరుసగా మారుస్తుంది. ఆ కాగితాన్ని చట్రంలో బిగించి, క్రింద తెల్లకాగితం పెట్టి, పైన సిరా రోలరు నడిపితే, రంధ్రాలగుండా సిరా దిగి ప్రతి తయారవుతుంది. ఆలోచన దివ్యంగా ఉన్నది. కాని కలానికి శక్తినిచ్చే ద్రవపు బ్యాటరీని గుమాస్తాలు ఎప్పటికప్పుడు కనిపెట్టుకొని ఉండవలసి వచ్చింది. యంత్రం గొప్పదైనా దానికి చేయవలసిన సేవ ఎక్కువైతే కార్యాలయం విసుగుకొంటుంది. విద్యుత్కలం వాడుకనుంచి తప్పుకొన్నది. విచిత్రమేమంటే 1891లో న్యూయార్కులో పేటెంటైన పచ్చబొట్టు యంత్రం ఈ కలంనుంచి పుట్టినదే.

ఎడిసను పేటెంట్లను తీసుకొని ముందుకు సాగినవాడు ఆల్బర్ట్ బ్లేక్ డిక్ అనే చికాగో కలపవ్యాపారి. తన వ్యాపారంలో ఒకే జాబితాను పదేపదే వ్రాయవలసిరావడం ఆయనను ఈ రంగంలోకి దింపింది. 1887లో ఆయన అమ్మిన యంత్రం పేరు ఎడిసన్ మిమియోగ్రాఫ్. మరొకవైపు లండనులో డేవిడ్ గెస్టెట్నర్ పనిచేస్తున్నాడు. హంగరీలో జన్మించిన ఈయన యౌవనంలో వియన్నా షేర్ల బజారులో, రోజు ముగియగానే లావాదేవీల వివరాలకు మరల మరల నకళ్లు వ్రాసిన గుమాస్తా. 1881లో ఆయన పేటెంటు పొందిన కలం కొనలో పళ్లున్న చిన్న చక్రం ఉంటుంది. మైనం పూసిన పలుచని కాగితంమీద దానితో వ్రాస్తే చక్రం దొర్లుతూ చిల్లులు వేస్తుంది. చక్రంతో వ్రాసే కలం కాబట్టి దానికి సైక్లోస్టైలు అని పేరు. ఆ కలం ఎప్పుడో కనుమరుగైనా, పేరు మాత్రం మన తెలుగు కార్యాలయాలలో దశాబ్దాలపాటు క్రియగా నిలిచింది. సర్క్యులరు సైక్లోస్టైలు చేయించారా అని అడిగినవారిలో ఎంతమందికి ఆ చక్రం సంగతి తెలుసునో!

సైక్లోస్టైలుతో నకలు లెక్క మొదటిసారిగా తలక్రిందులైంది. స్టెన్సిలు కోయడమే అసలు ఖర్చు. మైనం కాగితానికి వెల ఉన్నది. దానిని టైపు చేసే గుమాస్తా శ్రద్ధకు అంతకన్న ఎక్కువ వెల ఉన్నది. తప్పు పడితే ద్రవం పూసి ఆరబెట్టి మరల కొట్టాలి. తెలుగు టైపురైటరు లభించని చోట ఇనుపకలంతో చేతనే వ్రాసేవారు. ఒకసారి స్టెన్సిలు సిద్ధమైతే ఆపైన ప్రతి ఒక్కింటికి కొంచెం సిరా, ఒక కాగితం, పిడి ఒక త్రిప్పు. పది ప్రతులకు ఇది దండుగ. ఐదువందల ప్రతులకు ఇంతకన్న చౌక మరొకటి లేదు. తాళపత్ర లేఖకునికి పదవ ప్రతి మొదటి ప్రతితో సమానం. సైక్లోస్టైలు గుమాస్తాకు ఐదువందలవ ప్రతి ఖర్చు లేనట్టే.

ఈ మార్పు కార్యాలయాలకే పరిమితం కాలేదు. అచ్చాపీసులమీద ప్రభుత్వం నిఘా వేయగలదు. ఒక గదిలో దాచిన సైక్లోస్టైలు యంత్రంమీద అంత సులభంగా వేయలేదు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో నాయకులందరు కారాగారాలలో ఉన్నప్పుడు, రహస్యంగా సైక్లోస్టైలు చేసిన బులెటిన్లు చేతులు మారినవి. 1975నుంచి 1977వరకు సాగిన అత్యవసర పరిస్థితిలోను ఇదే జరిగింది. నకలు చౌక కావడమంటే మాట చౌక కావడం కాదు. మాటను అణచివేయడం ఖరీదు కావడం.

సైక్లోస్టైలుకు ఒక లోపం మిగిలే ఉన్నది. ఉన్న పత్రాన్ని ఉన్నట్టుగా అది నకలు తీయలేదు. మరల టైపు చేయవలసిందే. న్యూయార్కులో ఒక విద్యుత్ పరికరాల కంపెనీ పేటెంటు శాఖలో పనిచేస్తున్న చెస్టర్ కార్ల్‌సన్ ఈ బాధను దినదినం అనుభవించాడు. పేటెంటు వివరాలకు, పటాలకు ఎన్ని నకళ్లున్నా చాలేవి కావు. భౌతికశాస్త్ర పట్టభద్రుడైన ఆయన గ్రంథాలయంలో కూర్చొని చదివి, సహాయకుడు ఆటో కోర్నైతో కలిసి ఆస్టోరియాలోని ఒక చిన్న గదిలో ప్రయోగాలు చేశాడు. 1938 అక్టోబరు 22న, గంధకం పూసిన జింకు రేకును చేతిగుడ్డతో రుద్ది విద్యుదావేశం కల్పించి, అక్షరాలు వ్రాసిన గాజుపలకను దానిమీద ఉంచి వెలుగు పడనిచ్చి, తరువాత సన్నని పొడి చల్లాడు. వెలుగు తగలని చోట, అంటే అక్షరాలున్న చోట, పొడి నిలిచింది. ఆ పొడిని మైనపు కాగితంమీదికి దించితే ఆనాటి తేదీ, ఆ స్థలం పేరు కనబడినవి. సిరా లేని, తడి లేని మొదటి నకలు అది.

దానిని బజారుకు తేవడానికి 21 సంవత్సరాలు పట్టింది. ఇరవైకి పైగా కంపెనీలు తమకు అక్కరలేదన్నవి. 1944లో ఒహయోలోని బాటెల్ సంస్థ, ఆ తరువాత 1947లో రోచెస్టరులోని హాలాయిడ్ అనే చిన్న కంపెనీ ఆదరించినవి. గ్రీకుభాషలో పొడివ్రాత అని అర్థం వచ్చే మాటనుంచి జిరాక్సు అనే పేరు వచ్చింది. 1959 సెప్టెంబరు 16న ఆ కంపెనీ 914 అనే యంత్రాన్ని న్యూయార్కులో ప్రదర్శించింది. బరువు దాదాపు 294 కిలోలు. వేగం నిమిషానికి 7 ప్రతులు. ప్రదర్శనకు పెట్టిన రెండింటిలో ఒకదానికి నిప్పంటుకొన్నది. తరువాతి రోజులలో యంత్రంతోపాటు మంటలార్పే పరికరం ఇచ్చి, దానికి మెత్తగా వేరొక పేరు పెట్టారు!

ఇక్కడే మన ప్రశ్నకు చరిత్రలో కెల్ల పెద్ద పరీక్ష జరిగింది. ఆనాటి పోటీయంత్రాలు కొన్ని వందల డాలర్లకే దొరికేవి. కాని ప్రతి నకలుకు వాటికి ప్రత్యేకమైన కాగితం కావాలి. ఆ కాగితం ప్రియం. కొన్నిటి నకళ్లు కాలక్రమేణ నల్లబడేవి. 914 మామూలు కాగితంమీద పని చేస్తుంది. కాని దాని వెల సాధారణమైన కార్యాలయం కొనగలిగేది కాదు. పెద్ద కంపెనీ ఒకటి నియమించిన సలహాదారులు దీనికి గిరాకీ కొద్ది వేలకు మించదని నివేదించగా ఆ కంపెనీ వెనుకకు తగ్గింది. అప్పుడు హాలాయిడ్ వారు వాట్ ఇంజనుల పద్ధతినే పట్టుకొన్నారు. యంత్రాన్ని అమ్మకుండా నెలకు 95 డాలర్ల అద్దెకు ఇచ్చారు. అందులో 2,000 ప్రతులు చేరి ఉంటాయి; ఆపైన ప్రతి ఒక్కింటికి 4 సెంట్లు. ఎన్ని తీశారో లెక్కచూడడానికి యంత్రానికి ఒక మీటరు.

నెలకు రెండువేల ప్రతులు ఏ కార్యాలయానికి కావాలి అనుకొన్నవారు పొరపడ్డారు. గుండీ నొక్కితే నకలు వస్తుందని తెలిసిన తరువాత ఎవరూ లెక్క చూచుకోలేదు. ఒక ప్రతి చాలిన చోట మూడు తీశారు, పంపనక్కరలేనివారికికూడ పంపారు. కంపెనీ సంపద ఆ మీటరు అంకెలలో పెరిగింది. దీనినుంచి నేర్చుకోవలసిన పాఠం ఒకటున్నది: పుట చౌక అయితే పుటల సంఖ్య పెరుగుతుంది. పొదుపుకోసం యంత్రం తెచ్చి, ఆ యంత్రం ఉన్నది గదా అని దుబారా చేస్తే మొత్తం ఖర్చు తగ్గదు.

మనదేశంలో 1983లో మోదీ జిరాక్సు సంస్థ ఏర్పడిన తరువాత ఈ యంత్రాలు విస్తృతంగా వ్యాపించినవి. కళాశాలల ఎదుట, రిజిస్ట్రారు కచేరీల ప్రక్క, చిన్నచిన్న దుకాణాలు వెలిసినవి. కంపెనీ ఏదైనా నకలు పేరు జిరాక్సే అయిపోయింది. ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆవరణలోని ఒక దుకాణం పాఠ్యభాగాలకు నకళ్లు తీసి విద్యార్థులకు అమ్ముతున్నదని పెద్ద ప్రచురణకర్తలు 2012లో దావా వేయగా, బోధనకోసం అలా చేయడాన్ని చట్టం అనుమతిస్తుందని 2016లో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానం తీర్పు చెప్పింది. పుటకు కొద్ది పైసల నకలుమీద ఒక పేదవిద్యార్థి చదువు ఆధారపడి ఉండగలదని దేశానికి తెలియజెప్పిన వ్యాజ్యం అది.

నకలుయంత్రంనుంచి నేటి ప్రింటరు పుట్టడానికి ఒక్క అడుగు చాలినది. జిరాక్సు సంస్థలోనే గారీ స్టార్క్‌వెదర్ అనే శాస్త్రజ్ఞుడు, పత్రంనుంచి వచ్చే వెలుగుకు బదులు కంప్యూటరు ఆజ్ఞ ప్రకారం వెలిగి ఆరే లేసరుకిరణంతో బొమ్మ గీయవచ్చునని భావించి, 1971లో కాలిఫోర్నియా పరిశోధనాలయంలో దానిని నిరూపించాడు. 1977లో వచ్చిన 9700 అనే యంత్రం నిమిషానికి 120 పుటలు అచ్చువేసేది. అది మహాసంస్థలకు తగినది. చిన్న కార్యాలయానికి లేసరును అందుబాటులోకి తెచ్చినది జపానుకు చెందిన కానన్ కంపెనీ. త్వరగా అరిగే భాగాలను, టోనరు పొడిని ఒకే పెట్టెలో పెట్టి, అది అయిపోగానే వాడుకదారుడే తీసివేసి కొత్తది అమర్చుకొనే ఏర్పాటు ఆ కంపెనీ చేసింది. ఆ యంత్రభాగంతోనే 1984లో హ్యూలెట్ పాకర్డ్ కంపెనీ లేసర్‌జెట్‌ను 3,495 డాలర్లకు అమ్మింది. మరమ్మతువాని రాకపోకలు తగ్గినవి. కాని కార్ట్రిడ్జి కొనడం నెలసరి ఖర్చైంది.

మరొక శాఖ సిరాది. 1977లో కానన్ పరిశోధనాలయంలో వేడిగా ఉన్న సోల్డరింగు ఇనుము పొరపాటున సిరా నింపిన సూదికి తగలగా, సిరా చిమ్మి బయటకు వచ్చింది. ఆ చిమ్మడమే ఇంకుజెట్ ప్రింటరు. కాలక్రమేణ ఈ యంత్రాల వెల బాగా దిగింది. సిరాపెట్టెల వెల దిగలేదు. దీపం చౌకగా ఇచ్చి చమురు ప్రియంగా అమ్మడమన్నమాట. దీనిని సహించలేక చాలమంది యంత్రంప్రక్క సీసాలు కట్టి గొట్టాలతో సిరా ఎక్కించుకోసాగారు. ఆ వాడుకను చూచిన ఎప్సన్ కంపెనీ 2010లో ఇండోనేషియాలో స్వయంగా సిరాతొట్టి ప్రింటరును విడుదల చేసింది. తరువాత భారతదేశానికీ తెచ్చింది. ఇక్కడ దీపం కొంచెం ప్రియం, చమురు చౌక. గిరాకీదారుల లెక్క కంపెనీ లెక్కను మార్చిన అరుదైన ఘట్టం ఇది.

పాతవన్నీ పోయినవనుకోకూడదు. రిబ్బనుమీద సూదులు కొట్టి అక్షరం వేసే డాట్ మ్యాట్రిక్సు ప్రింటరు శబ్దం ఇంకా కొన్ని కచేరీలలో వినిపిస్తూనే ఉన్నది. దెబ్బ కొట్టే యంత్రం కాబట్టి ఒకేసారి రెండు మూడు కార్బన్ ప్రతులు అది ఇవ్వగలదు, లేసరు ఇవ్వలేదు. అలాగే వందలకొలది ఒకే ప్రశ్నపత్రం కావలసిన విద్యాసంస్థలకు, సైక్లోస్టైలు మనుమడివంటి రీసోగ్రాఫ్ ఇప్పటికీ చౌక. స్టెన్సిలును గుమాస్తా కాక యంత్రమే కోసుకొంటుంది. లెక్క మాత్రం పాతదే.

ఇక కార్యాలయపు కొనుగోలుకు వద్దాం. ఊహకు రెండు యంత్రాలు తీసుకొందాం. మొదటిదాని వెల 12,000 రూపాయలు. 4,000 రూపాయల కార్ట్రిడ్జి 2,000 పుటలకు వస్తుంది. పుటకు 2 రూపాయలు. రెండవదాని వెల 45,000 రూపాయలు. 6,000 రూపాయల కార్ట్రిడ్జి 10,000 పుటలకు వస్తుంది. పుటకు 60 పైసలు. వెలలో తేడా 33,000 రూపాయలు. పుటలో తేడా 1 రూపాయి 40 పైసలు. భాగిస్తే సుమారు 23,600 పుటలు. నెలకు 5,000 పుటలు వేసే కార్యాలయానికి ఐదు నెలలలోపలే రెండవ యంత్రం తన అదనపు వెలను తీర్చుకొంటుంది. నెలకు 500 పుటలు వేసే ఇంటికో దుకాణానికో అదే పని దాదాపు నాలుగేళ్లు పడుతుంది. కాబట్టి ఏ యంత్రం పొదుపు అని అడిగేముందు, మనం నెలకు ఎన్ని పుటలు వేస్తున్నామని అడగాలి. చాల కార్యాలయాలకు ఈ అంకె తెలియదు. గడచిన సంవత్సరం కొన్న కాగితపు రీములను లెక్కించి 500 చేత హెచ్చించి 12 చేత భాగిస్తే తెలిసిపోతుంది.

కార్ట్రిడ్జి పెట్టెమీద వ్రాసిన పుటలసంఖ్యనుకూడ వివేకంతో చదవాలి. నలుపు టోనరు పుటలను కొలిచే అంతర్జాతీయ ప్రమాణం 2004లో వెలువడింది. అందరూ ఒకే పద్ధతిని కొలవడంవల్ల రెండు కంపెనీలను పోల్చడం సాధ్యమైంది. అయితే ఆ పరీక్షపుట రోమను అక్షరాలది. గుడి, కొమ్ము, వత్తులతో నిండిన మన తెలుగు పుటకు, పట్టికలతో నిండిన లెక్కల పుటకు సిరా ఖర్చు వేరుగా ఉండవచ్చు. తమ సొంత పత్రాలతో ఒక కార్ట్రిడ్జి ఎన్నాళ్లు వచ్చినదో వ్రాసిపెట్టుకోవడమే ఉత్తమమైన కొలత. కాగితానికి రెండువైపులా అచ్చువేసే యంత్రమైతే కాగితం ఖర్చు సగానికి దగ్గరగా తగ్గుతుంది. అరుదుగా వాడే ఇంకుజెట్‌లో సిరా ఆరిపోయి, రంధ్రాలు శుభ్రం చేయడానికే కొంత సిరా పోతుంది. నెలకు ఎన్ని పుటలు సిఫారసు చేశారో చూచి, అంతకు మించి వాడని యంత్రమే మన్నుతుంది. మరమ్మతుచేసేవాడు మన ఊరిలోనో పక్క ఊరిలోనో దొరుకుతాడా అన్నది ఎడిసను విద్యుత్కలం మనకు నేర్పిన ప్రశ్న.

ఇదంతా గుమాస్తాల లెక్క అని కొందరు అనుకోవచ్చు. కాని 2005లో వచ్చిన సమాచారహక్కు చట్టాన్ని జ్ఞప్తికి తెచ్చుకోండి. కేంద్రప్రభుత్వ నియమాల ప్రకారం 10 రూపాయల రుసుముతో ఏ పౌరుడైనా ప్రభుత్వ దస్త్రంలోని కాగితాలకు నకళ్లు కోరవచ్చు. మామూలు పుటకు 2 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు దరఖాస్తు రుసుముకూడ చెల్లించనక్కరలేదు. తన ఊరి రోడ్డు పనిమీద వంద పుటల దస్త్రం కోరిన రైతు రెండువందల రూపాయలతో దానిని చేతపట్టుకొని ఇంటికి వెళ్లగలడు. పుటకు ఇరవై రూపాయలు పడే కాలమైతే అదే దస్త్రానికి రెండువేలు కావాలి. హక్కు చట్టంలోనే ఉండిపోయేది. అంటే ఆ చట్టం నిలిచిన స్తంభాలలో చౌకైన నకలుకూడ ఒకటి.

బ్రౌను కడప బంగళాలో పండితులకిచ్చిన జీతం, నేటి కచేరీ టోనరుకిచ్చే వెల, రెండూ ఒకే పద్దుక్రిందికి వస్తాయి. ఒకరి వద్దనున్న అక్షరాన్ని మరొకరికి చేర్చిన ఖర్చు అది. ఆ పద్దును తక్కువ చేసుకోవడం కార్యాలయానికి పొదుపు. అలా మిగిలినదానిని అవసరమైన కాగితం అవసరమైనవారికి అందించడంలో వినియోగిస్తే అది సమాజానికికూడ పొదుపే.